కొలబద్దతో ఏకమైన జపాన్: తొయొతోమి హిదెయోషి

(తెరపై: 16వ శతాబ్దపు జపాన్ పటం. ఒక్కో దైమ్యో ఏలుబడి ఒక్కో రంగులో.)

నమస్కారం. 1467లో ఓనిన్ యుద్ధం మొదలైన నాటి నుంచి వందేళ్లకు పైగా జపాన్‌లో చక్రవర్తి, షోగున్ అనే సర్వసేనాధిపతి పేరుకే పాలకులు. దైమ్యోలనే ప్రాంతీయ ప్రభువులు ఎవరి గడ్డను వారు ఏలుకుంటూ, పొరుగువారి మీదికి దండెత్తుతూ ఉండేవారు. వారందరినీ చివరకు లొంగదీసినవాడు ఓవారీ ప్రాంతంలోని నకమురా పల్లెలో, సామాన్య కుటుంబంలో పుట్టిన హిదెయోషి.

ఓదా నొబునాగా అనే బలమైన దైమ్యో కొలువులో సేనానిగా ఎదిగిన హిదెయోషి, 1582లో తకమత్సు కోటను ముట్టడించి, మట్టికట్ట వేయించి, పక్కనున్న ఏటి నీళ్లను కోట చుట్టూ మళ్లించాడు. అంతలో క్యోటోలోని హొన్నోజీ ఆలయంలో తన సేనానే అయిన అకెచీ మిత్సుహిదె తిరుగుబాటు వల్ల నొబునాగా మరణించాడన్న కబురు అందింది. ఆ సంగతి ఎదుటిపక్షమైన మోరీ వంశానికి పొక్కకుండానే సంధి ముగించి, సైన్యాన్ని ఆగమేఘాల మీద వెనక్కి నడిపించి, రెండు వారాలు తిరగకముందే యమజకీ వద్ద మిత్సుహిదెను ఓడించాడు. 1587లో దక్షిణాన ఉన్న క్యూషూ దీవి, 1590లో ఒదవారాలోని హోజో వంశం అతనికి లొంగిపోయాయి.

యుద్ధాలు గెలిచినవారు అంతకుముందూ ఉన్నారు. గెలిచిన నేల చేజారకుండా నిలిపింది మాత్రం, నా దృష్టిలో, భూముల సర్వేయే.

(తెరపై: వరిమడి, కొలబద్ద, ధాన్యం కొలిచే చెక్కపెట్టె.)

ఊరికో తీరుగా ఉన్న కొలతల స్థానంలో ఒకే ప్రమాణాన్ని పెట్టి, అధికారులు మడి మడికీ తిరిగి విస్తీర్ణాన్ని, నేల రకాన్ని, రాగల దిగుబడిని, సాగుచేసే రైతు పేరును మన అడంగల్‌లో రాసినట్టే దస్త్రాలకెక్కించారు. దిగుబడిని కోకుల్లో లెక్కించేవారు; ఒక కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం. రైతు కట్టే శిస్తు, దైమ్యో హోదా, అతడు యుద్ధానికి పంపవలసిన సైనికుల సంఖ్య, అన్నీ ఆ అంకెను బట్టే తేలేవి. జాగీరు విలువ అంకెల్లోకి మారాక ప్రభువులను ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చడమూ తేలికైంది. 1590లో తొకుగావా ఇయెయాసు అంతటి బలమైన దైమ్యోనే పూర్వీకుల మికావాను వదిలి తూర్పున ఉన్న కాంటో ప్రాంతానికి తరలవలసి వచ్చింది.

1588లో రైతుల కత్తులు, ఈటెలు, తుపాకులు స్వాధీనం చేసుకోవాలన్న ఆజ్ఞ వెలువడింది. ఆ ఇనుము క్యోటోలో కడుతున్న మహాబుద్ధుని మందిరానికి మేకులవుతుందనీ, రైతులకు ఇహపరాలు రెంటా మేలు కలుగుతుందనీ అందులో నచ్చజెప్పారు. అసలు కారణాన్ని దాచనూ లేదు: ఆయుధాలున్న రైతులు శిస్తు ఎగ్గొడతారు, తిరగబడతారు. 1591లో సమురాయ్‌లనే యోధులు పల్లెల్లో రైతులుగా స్థిరపడరాదని, రైతులు పొలం విడిచి వర్తకానికి, కూలికి పోరాదని మరో ఆజ్ఞ వచ్చింది. పల్లె నుంచి వచ్చి పాలకుడైన మనిషే, తనలాంటి మరొకడు పైకి రాకుండా దారి మూసేశాడు.

1592లోను, 1597లోను కొరియా మీదికి పంపిన దండయాత్రలు విఫలమయ్యాయి. 1598లో హిదెయోషి మరణించాడు. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచి, 1603లో షోగున్ అయిన ఇయెయాసు ఆ కోకుల లెక్కను అలాగే కొనసాగించాడు. 1873లో భూమి ధరను బట్టి డబ్బు రూపంలో పన్ను వసూలు చేసే సంస్కరణ వచ్చేదాకా జపాన్‌లో శిస్తుకు అదే ఆధారం.