గ్రానైట్ ముక్క, నీళ్ళ ట్రే, ఇటుక: నా ఫిజిక్స్ క్లాసులో ఏవి పనిచేశాయి, ఏవి లేదు

నమస్కారమండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకి సాంద్రత, ఘర్షణ, అలలు, పీడనం, వీటన్నిటినీ భూమిని చూపించే చెప్పాలనుకున్నా. అంటే రాయి, భూకంపం, సునామీ, మబ్బు అన్నమాట. టీచర్లు చాలాచోట్ల చేయించే యాక్టివిటీలే కొన్ని తీసుకుని మా పిల్లలతో చేయించాను, ఒక్కోటి ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్తాను.

నేను చూసేది ఒకటే. పని అయ్యాక పిల్లల చేతిలో ఒక అంకె ఉండాలి, ఆ అంకె వాళ్ళు ముందుగా నోట్‌బుక్‌లో రాసుకున్న అంచనాతో తగవు పడాలి. చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేదయితే నాకు పీరియడ్ వేస్టే.

మొదట రాయి. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతాను చూడండి. గ్రానైట్ ముక్క. మన చిత్తూరు వైపు గ్రానైట్‌కి కొదవేముంది, కోసే చోట అంచు ముక్కలు కుప్పలుగా పడేస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు. పాలిష్ చేసిన వైపు అద్దంలా ఉంది, విరిగిన అంచు దగ్గర మాత్రం తెల్లవి, గులాబీ రంగువి, మధ్యలో నల్లటి గింజలు విడివిడిగా కనబడుతున్నాయి కదా. దీన్ని దారంతో కట్టి స్ప్రింగ్ త్రాసుకి వేలాడదీస్తే 540 గ్రాములు. అలాగే బకెట్ నీళ్ళలో ముంచితే, అడుగుకి తగలకూడదు, 340. తగ్గింది 200. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 540ని 200తో భాగిస్తే 2.7, అంటే నీళ్ళకంటే 2.7 రెట్లు బరువు. ఇంతవరకూ అందరూ చేయిస్తారు, ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, అసలు మజా తర్వాత ఉంది.

నేను పిల్లల్ని అడిగాను, ఈ భూమి మొత్తం ఇలాంటి రాయే అయితే భూమి సగటు సాంద్రత ఎంతుండాలి అని. అందరూ 2.7 అని రాశారు. అప్పుడు అసలు విలువ 5.5 అని బోర్డు మీద వేశా. 1798లో కావెండిష్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఒక గదిలో సీసపు గుండ్ల మధ్య ఆకర్షణ కొలిచి తేల్చిన విలువ కూడా దీనికి చాలా దగ్గరే. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దం. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "అయితే లోపల బరువుదేదో ఉంది మేడం" అన్నాడు. ఇనుము అని నేను చెప్పక ముందే ఆ మాట వాళ్ళ నోటి నుంచి వచ్చింది చూడండి, దానికోసమే నేను ఈ యాక్టివిటీని అన్నిటికంటే పైన పెడతాను. ఒక జాగ్రత్త, కొండ మీద రాళ్ళు మాత్రం తీసుకురానివ్వకండి, శేషాచలం అడవి రక్షిత ప్రాంతం. కంకర చాలు.

లోపల ఉన్నది గట్టిదా, ద్రవమా? దానికి రెండోది, గ్రౌండ్‌లో చేయించాలి. ఇరవై మందిని వరసగా, భుజాల మీద చేతులేసి నిలబెట్టండి. చివరివాణ్ణి ముందుకి తోస్తే ఆ తోపు వరస చివరిదాకా పోతుంది, భూకంపం వచ్చినప్పుడు ముందుగా చేరే పి తరంగం అలాంటిదే. పక్కకి ఊపితే దాని తర్వాత వచ్చే ఎస్ తరంగం. ఇప్పుడు చేతులు తీసేసి దగ్గర దగ్గరగా నిలబడమనండి. తోపు ఇంకా పోతుంది, పక్క ఊపు మాత్రం మొదటి మనిషి దగ్గరే ఆగిపోతుంది. ద్రవంలో ఎస్ తరంగం ఎందుకు పోదో ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నావల్ల కాలేదు. భూమి నడిమి భాగాన్ని కోర్ అంటారు, దాని బయటి పొర ద్రవమని తెలిసింది ఎస్ తరంగాలు దాన్ని దాటలేకపోవడం వల్లే. ఆ ద్రవం లోపల మళ్ళీ ఇంకో కోర్ ఉందని 1936లో డెన్మార్క్‌కి చెందిన ఇంగే లెహ్మాన్ అనే ఆవిడ భూకంప రికార్డులు చూసి పట్టుకుంది. మా అమ్మాయిలకి ఈ పేరు చాలా నచ్చింది. అంకె కావాలంటే, పి వచ్చాక ఎస్ ఎన్ని సెకన్లకి వచ్చిందో దాన్ని 8తో గుణిస్తే, దగ్గరి భూకంపాలకి, దూరం కిలోమీటర్లలో సుమారుగా వస్తుంది. పది సెకన్లయితే 80 కిలోమీటర్లు. మొదటిసారి నేను దీన్ని వరండాలో చేయించాను, ఒక పిల్లవాడు స్తంభానికి గుద్దుకున్నాడు. ఖాళీ స్థలంలోనే చేయించండి, గట్టిగా తోయొద్దని ముందే చెప్పండి.

మూడోది నీళ్ళ ట్రే. పూలకుండీల కింద పెట్టే పొడవాటి ప్లాస్టిక్ ట్రే, నాది 60 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు లోతు నీళ్ళు పోసి, ఒక అంచు కొంచెం ఎత్తి మెల్లగా దించితే అల ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతుంది. నాలుగు ప్రయాణాలకి టైం చూస్తే ఎనిమిది సెకన్ల దగ్గర వస్తుంది. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లు పోస్తాం, ఏమవుతుంది? సగం మంది "నీళ్ళు బరువెక్కాయి కదా మేడం, మెల్లగా పోతుంది" అని రాశారు, కొందరు నాలుగింతల వేగం అన్నారు. వచ్చింది నాలుగు సెకన్లు! లోతు నాలుగింతలైతే వేగం రెండింతలే. వేగం అంటే గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి తీసిన వర్గమూలం. అల పొడవు లోతుకంటే చాలా ఎక్కువ ఉన్నప్పుడే ఇది చెల్లుతుందని తప్పకుండా చెప్పండి, లేదంటే పిల్లలు బావిలో రాయేసి కూడా ఇదే ఫార్ములా వేస్తారు. అదే ఫార్ములాలో సముద్రం లోతు 4000 మీటర్లు వేయమన్నాను. సెకనుకి దాదాపు 200 మీటర్లు, గంటకి 700 కిలోమీటర్ల పైన, విమానం వేగం. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వస్తే రెండు గంటలు దాటాక సునామీ మన తూర్పు తీరాన్ని తాకింది, ఆ ఆలస్యం ఎందుకో, అంత దూరం అంత త్వరగా ఎలా వచ్చిందో రెండూ ఈ ఒక్క లెక్కలోనే ఉన్నాయి. ఒక అమ్మాయి వాళ్ళ అమ్మమ్మది నెల్లూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. మర్నాడు ఆ అమ్మాయి ఆరోజు అమ్మమ్మ ఏం చూసిందో అడిగి రాసుకొచ్చింది, నేను ఆ హోంవర్క్ ఇవ్వలేదు.

ఇటుకది కూడా బాగుంది. బల్ల మీద ఎమ్రీ పేపర్ అంటించి, దాని మీద ఇటుక పెట్టి, రబ్బర్ బ్యాండ్ కట్టి మెల్లగా లాగాలి. ఇటుక కదలదు, కదలదు, ఒక్కసారిగా జారుతుంది. ప్రతి జారుడూ స్కేలుతో కొలిచి రాయించండి. రెండు జారుళ్ళు సమానంగా రావు. తర్వాతిది ఎప్పుడో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. భూమి లోపల రాళ్ళు కూడా ఇలాగే పట్టుకుని ఉండి ఒక్కసారిగా జారితేనే భూకంపం. ఫలానా తారీఖున భూకంపం అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లని ఇక వాళ్ళు నమ్మరు.

సీసాలో మబ్బు, అంటే కాస్త గోరువెచ్చని నీళ్ళు, అగరబత్తి పొగ, నొక్కి వదలడం, చూడ్డానికి బాగుంటుంది కానీ అంకె రాదు. దానికి బదులు తిరుమల ఎక్కేటప్పుడు సీల్ తీయని చిప్స్ ప్యాకెట్ తీసుకెళ్ళమనండి. కింద మెత్తగా ఉన్నది పైకెళ్ళేసరికి ఉబ్బుతుంది. ఫోన్‌లో పీడనం సెన్సర్ ఉంటే కిందా పైనా రీడింగ్ రాయించండి, సుమారు ఎనిమిది శాతం తగ్గుతుంది. బాగా పనిచేసింది. ఆ దారిలోనే ఘాట్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి, కూర్చున్న చోటు ఉంది, రెంటి వయసుల మధ్యా 80 కోట్ల ఏళ్ళ ఖాళీ అని జియలాజికల్ సర్వే లెక్క. సాంద్రత కొలిస్తే మాత్రం రెండూ దాదాపు ఒకటే వస్తాయి, ఆ రెండు రాళ్ళనీ త్రాసుతో విడదీయలేం.

సోడా, వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం చేయించకండి. అసలు అగ్నిపర్వతం అలా పొంగదు, పిల్లలకి తప్పు అర్థమవుతుంది. ఆ పీరియడ్‌లో పై వాతావరణాన్ని రేడియో తరంగాలతో గమనించే గాదంకి రాడార్ గురించి చెప్పండి, పాకాల మండలంలోనే ఉంది. 53 మెగాహెర్ట్‌జ్ అని ఇచ్చి తరంగదైర్ఘ్యం కట్టమంటే ఐదున్నర మీటర్ల పైన వస్తుంది, తాడుతో అంత పొడవు క్లాసులో కొలిచి చూపించండి.

ఇప్పుడు నా దగ్గర ఒక నల్లరాయి ఉంది, డోలరైట్. మొన్న మా పిల్లలకి 3 దగ్గర వచ్చింది. మీ ఊళ్ళో రాయి ఏదైనా సరే, దారం కట్టి ముంచి, గాల్లో ఎంత, నీళ్ళలో ఎంత, రెండు అంకెలూ కామెంట్‌లో పెట్టండి. సోమవారం క్లాసులో బోర్డు మీద రాయిస్తాను.