నామినేషన్ పత్రం మీద మన పేరు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు, పిల్లల వెంట వచ్చి వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మలకూ నాన్నలకూ సలామ్, నమస్కారం.

నవంబరు 11 మౌలానా ఆజాద్ పుట్టినరోజు, జాతీయ విద్యా దినోత్సవం గనుక ఆయన గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆయన తొలి విద్యామంత్రి అన్న సంగతి మీకు పాఠ్యపుస్తకాలే చెప్పాయి. నేను ఆయన వయసు గురించి మాత్రం చెబుతాను. 1912లో కలకత్తాలో సొంత పత్రిక పెట్టేనాటికి ఆయనకు 24 ఏళ్లు నిండలేదు. 1923లో కాంగ్రెస్ ప్రత్యేక మహాసభకు అధ్యక్షత వహించేనాటికి 35 నిండలేదు. రాజకీయం తల నెరిశాక చేసే పని అని మా పిల్లలకు నచ్చజెప్పే పెద్దలు ఈ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇక నేను చెప్పదలచుకున్న మాటకు వస్తాను. 1996లో నేను ఎం.ఎ. తెలుగు చదవడానికి ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. మా ఆడపిల్లల హాస్టల్లో రెండు వందల మంది దాకా ఉంటే, అందులో ముస్లింలం తొమ్మిదిమందిమి. 1997 జనవరిలో రంజాన్ వచ్చింది. మెస్ ఏడున్నరకు గాని తెరవరు. ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ అయిదింటికల్లా ముగించాలి. రాత్రి దాచుకున్న బన్ను ముక్కలు, నానబెట్టిన అటుకులు తిని నెల రోజులూ ఉపవాసాలు ఉన్నాం. తొమ్మిదిమందిమీ సంతకాలు పెట్టి వార్డెన్ గారికి అర్జీ ఇచ్చాం. ఆమె చదివి, "మీ తొమ్మిదిమంది కోసం వంటమనిషిని నాలుగింటికి లేపమంటారా?" అన్నారు. ఆ మాటలో ద్వేషం లేదని నాకు అప్పుడే తెలుసు. ఆమె లెక్క చూశారు, ఆ లెక్కలో మేము తొమ్మిదిమందిమే. ఇంకో అర్జీ ఇచ్చాం, మరింత వినయంగా రాసి ఇచ్చాం. దానికి జవాబే రాలేదు.

ఆ ఏడాది జూలైలో మెస్ కమిటీకి ఓటింగు జరిగింది. నేను నిలబడతానని చెప్పగానే మా తొమ్మిదిమందిలోనే నలుగురు వద్దన్నారు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని ఒకరు, మనమెందుకు కళ్లలో పడాలని మరొకరు. ఈ "కళ్లలో పడడం" అనే భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన పిల్లలు గొంతెత్తితే ఇతరుల గొంతుకు లేని అనుమానం దానికి ముందుగా అంటుకుంటుందని ఈ సభలో ఉన్న తల్లిదండ్రులందరికీ తెలుసు. అయినా నేను నిలబడ్డాను.

తొమ్మిది ఓట్లతో ఎవరూ గెలవరు. అందుకే గది గదికీ వెళ్లి, ఏమమ్మా, మెస్‌లో నీ ఇబ్బంది ఏమిటని అడిగాను. బియ్యంలో రాళ్లన్నారు, ఊరికి వెళ్లిన రోజులకు కూడా బిల్లు వేస్తున్నారన్నారు, పోటీ పరీక్షలకు తెల్లవారుజామునే లేచి చదివేవాళ్లు ఆ చలిలో గుక్కెడు టీ దొరకదన్నారు. ఈ చివరి మాట విన్నప్పుడు నా గుండె ఝల్లుమన్నది, ఎందుకంటే వాళ్లు లేచేదీ నాలుగున్నరకే, మేము లేచేదీ నాలుగున్నరకే. ఒకే హాస్టల్లో, ఒకే చీకట్లో, ఒకరి ఆకలి ఒకరికి తెలియకుండా ఏడాది గడిపాం. నేను 17 ఓట్ల తేడాతో గెలిచాను.

బిల్లు సంగతి రెండు నెలల్లో తేలింది. ఏడాది చివర మళ్లీ రంజాన్ మొదలయ్యేనాటికి, రాత్రే రొట్టెలూ కూరా చేసి హాట్‌బాక్సుల్లో పెట్టి, వంటింటి తాళంచెవి కమిటీకి ఇచ్చే ఏర్పాటుకు అదే వార్డెన్ గారు సంతకం చేశారు. వంటమనిషిని ఎవరూ నాలుగింటికి లేపలేదు. మేము సహరీ తింటుంటే, గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలు మా పక్కనే కూర్చొని టీ కాచుకున్నారు. అమ్మాయిలూ, ఆ వంటింటి వెలుగు నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

మెస్ కమిటీ గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానని మీలో కొందరికి అనిపిస్తుండవచ్చు. దేశంలో ముస్లింల స్థితిగతులను పరిశీలించి 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక, పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని చెప్పింది. 2011 జనగణనలో మనం దేశ జనాభాలో 14.2 శాతం, 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో మన వాటా 4.6 శాతం. ఇక్కడ వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 2007 నుంచి అమలవుతున్న 4 శాతం రిజర్వేషన్ ఎందరినో తరగతి గదిదాకా తెచ్చింది. కాని నిర్ణయాలు జరిగే బల్ల దగ్గరికి ఏ రిజర్వేషనూ తీసుకెళ్లదు, అక్కడికి మనమే నడిచి వెళ్లాలి. 2022 డిసెంబరులో, మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ప్రకటించినప్పుడు, నా దగ్గరికి వచ్చిన పరిశోధక విద్యార్థులు అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, అర్జీ ఎవరికి పెట్టాలి?" అని. పాతికేళ్ల తరువాత కూడా మన చేతిలో ఉన్నది అర్జీయే అని నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది.

ముస్లిం విద్యార్థి ముస్లింల కోసమే నిలబడాలని నేను అనడం లేదు. మఖ్దూం మొహియుద్దీన్‌ను చూడండి. అందోల్‌లో పుట్టి, ఉస్మానియాలో ఎం.ఎ. చదివిన ఉర్దూ కవి. ఆయనను అప్పటి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు పంపింది హుజూర్‌నగర్ ఓటర్లు, తెలుగు రైతులు, కూలీలు. తమ కష్టం మాట్లాడాడు గనుక వాళ్లు ఆయనను తమవాడనుకున్నారు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివే మీకు అవకాశం తక్కువని నాకు తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర ఆగిన విద్యార్థి సంఘ ఎన్నికల కోసం మీరు అందరితో కలిసి అడగాలి. అందాకా హాస్టల్ కమిటీలు ఉన్నాయి, తరగతి ప్రతినిధులు ఉన్నారు. గచ్చిబౌలిలోని రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో మాత్రం విద్యార్థి సంఘానికి ఓటు వేసే సంప్రదాయం ఉంది. అది డబ్బున్నవాళ్ల వ్యవహారమని వెనకాడకండి. విద్యార్థి సంఘ ఎన్నికల కోసం 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ నియమాల ప్రకారం ఒక అభ్యర్థి 5,000 రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు. డిగ్రీవాళ్లకు 22 ఏళ్ల దాకా, పరిశోధకులకు 28 ఏళ్ల దాకా అవకాశం ఉంది.

ఈ నియమాల ప్రతులు తలుపు దగ్గరి బల్ల మీద పెట్టించాను, తీసుకోండి. ఇంట్లో ఒప్పుకోరని భయపడే అమ్మాయిలు ఎవరైనా ఉంటే మీ అమ్మగారిని నా దగ్గరికి తీసుకురండి, ఇక్కడే కూర్చొని మాట్లాడతాను. తొందరేమీ లేదు, హాలు తాళం వేసేదాకా ఇక్కడే ఉంటాను.