పొరుగింటి గిన్నెలో మెర్జిమెక్ చోర్బా

నమస్కారమండీ. వంట మొదలుపెట్టే ముందు ఈ గిన్నెను చూడండి. నీలం అంచున్న ఈ పింగాణీ గిన్నె మాది కాదు, పై అంతస్తులో ఉండే పెద్దావిడది. మొహర్రం నెలలో ఇందులో ఆషురె పంపారు. గోధుమలు, శనగలు, తెల్ల చిక్కుడు గింజలు, ఎండు ఆప్రికాట్లు, అంజీర్ కలిపి తియ్యగా వండి, పైన దానిమ్మ గింజలు చల్లే పాయసం అది. ఇక్కడ టర్కీలో దాన్ని పెద్ద కుండెడు వండి చుట్టుపక్కల ఇళ్లకు పంచుతారు.

ఇస్తాంబుల్‌కు వచ్చిన మొదటి ఏడాది అలాంటి గిన్నెనే శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా తిరిగి ఇచ్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు. పొరుగింటి గిన్నెను ఇక్కడ కూడా ఖాళీగా పంపరని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. మా అమ్మ గుప్పెడు పంచదారైనా పోయకుండా ఎవరి గిన్నే తిరిగి ఇచ్చేది కాదు. ఆ మర్యాద మన ఊళ్లతోనే ఆగిపోతుందని నేను ఎలా అనుకున్నానో!

అందుకే ఈ రోజు ఈ గిన్నెలో మెర్జిమెక్ చోర్బా వెళ్తుంది. మెర్జిమెక్ అంటే మసూర్, చోర్బా అంటే సూప్. టర్కీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది కబాబులు కాదు, ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఇళ్లలోనూ, హోటళ్లలోనూ రోజూ ఉడికేది ఇది. పైగా పప్పు మన చేతికి అలవాటైన వస్తువు.

కొట్లో ‘కిర్మిజి మెర్జిమెక్’ అని అడగండి. కిర్మిజి అంటే ఎరుపు. మనం ఎర్ర పప్పు, మసూర్ పప్పు అనేది ఇదే. ఆగ్నేయాన ఉర్ఫా, దియార్‌బకిర్ వైపు బాగా పండుతుంది. నేను ఇస్తాంబుల్‌లోని కాడికోయ్‌ పేటలో మంగళవారం జరిగే సంతలో కొంటాను. అక్కడ బేరం కన్నా ముందు ‘కొలాయ్ గెల్సిన్’ అనండి. ‘మీ పని సులువుగా సాగాలి’ అని అర్థం. కూరగాయలమ్మే వాళ్లకు, మెట్లు తుడిచే వాళ్లకు, పనిలో ఉన్న ఎవరికైనా ఈ మాట చెబుతారు. ఇంత చక్కటి పలకరింపు మనకూ ఒకటి ఉంటే బాగుండునని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక కొలతలు. ఇక్కడి వంటల్లో ‘నీళ్ల గ్లాసు’ అంటే 200 మిల్లీలీటర్లు, ‘టీ గ్లాసు’ అంటే దాదాపు అందులో సగం. ఈ రెండూ తెలిస్తే ఏ ఇంటావిడ చెప్పిన వంటైనా రాసుకోవచ్చు. పిండి కలిపేటప్పుడు మాత్రం కొలత ఉండదు, ‘చెవితమ్మె అంత మెత్తగా’ అంటారు. ఒక్కసారి మీ చెవితమ్మెను పట్టి చూడండి, వెంటనే అర్థమవుతుంది.

ఒక గ్లాసు పప్పును తేట నీళ్లు వచ్చేదాకా కడిగాను. గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, ఒక ఉల్లిపాయ ముక్కలను మెత్తబడేవరకు వేయిస్తున్నాను. ఎర్రగా వేగనక్కర్లేదు. ఇప్పుడు ఒక క్యారట్, ఒక చిన్న బంగాళాదుంప. చిక్కదనం కోసం కొందరు మైదా వేస్తారు, నాకు బంగాళాదుంపే నచ్చుతుంది. తర్వాత ఒక చెంచా సల్చా, అంటే చిక్కటి టమాటా ముద్ద. దీన్ని నూనెలో నిమిషం పాటు వేయించండి, లేకపోతే పచ్చివాసన మిగిలిపోతుంది. పప్పు, ఆరు గ్లాసుల వేడినీళ్లు, ఉప్పు, అర చెంచా జీలకర్ర పొడి. నురగ వస్తే తీసేయండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో ఉడికిపోతుంది. కుక్కర్ అవసరం లేదు. అన్నట్టు, ఇక్కడ కుక్కర్‌ను ‘దూదుక్లు తెంజెరె’ అంటారు, ఈల వేసే గిన్నె అని!

ఉడికాక పప్పుగుత్తి సరిపోదు, బ్లెండర్ పెట్టండి. గరిటె నుంచి పట్టులా జారాలి.

ఇప్పుడు అసలైన ఘట్టం, పోపు. ఆవాలు, కరివేపాకు వెతకకండి. మొదటిసారి వాళ్ల పద్ధతిలోనే చేయండి, ఆ రుచి నాలుకకు తెలియాలి. రెండు చెంచాల వెన్న కరిగించి, నురగ రాగానే పొయ్యి ఆపేయండి. ఆపిన తర్వాతే ఒక చెంచా పుల్ బిబెర్ వేయాలి. అది కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి, మన గుంటూరు మిరపకాయంత ఘాటు ఉండదు. మంట మీద వేస్తే నల్లబడి చేదెక్కుతుంది. ఎండు పుదీనాను అరచేతుల్లో నలిపి వేయండి. ఆ వాసన చూశారా! వెన్న ఎర్రగా మారింది కదా, దాన్ని చోర్బా మీద గీతలా పోస్తున్నాను. నిమ్మచెక్క పక్కనే ఉంచండి, తినేటప్పుడే పిండుకోవాలి. పులుపు లేనిదే ముద్ద దిగని మనకు ఇక్కడ ఏ లోటూ ఉండదు.

ఇది పైకి పట్టుకెళ్లాక ఆవిడను పేరుతో పిలవను, ‘తెయ్‌జె’ అంటాను. తెయ్‌జె అంటే పెద్దమ్మ లేదా పిన్ని, అమ్మ అక్కచెల్లెళ్లకు పిలుపు. మేనత్తకు ‘హలా’, మేనమామకు ‘దాయి’, బాబాయికి ‘అమ్‌జా’, అక్కకు ‘అబ్లా’. మనలాగే అమ్మవైపు, నాన్నవైపు చుట్టాలకు వేర్వేరు పిలుపులున్న భాష ఇది. ఆ సంగతి తెలిసిన రోజు ఈ ఊరు నాకు సగం దగ్గరైపోయింది.

గుమ్మంలో చెప్పులు విప్పడం ఎవరూ మనకు నేర్పనక్కర్లేదు. గిన్నె ఇచ్చి వెళ్లిపోదామంటే మాత్రం కుదరదు, టీ పెడతారు. కింద గిన్నెలో నీళ్లు మరుగుతుంటే, పై గిన్నెలో డికాషన్ పావుగంట దిగుతుంది. పాలు కలపరు. గ్లాసు ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టండి. వాళ్లు మీ వంట తిని ‘ఎలినె సాలిక్’, అంటే ‘మీ చేతికి ఆరోగ్యం’ అంటే, మీరు ‘ఆఫియెత్ ఒల్సున్’ అనాలి. వడ్డించేటప్పుడు చెప్పేదీ అదే మాట.

మిగిలిన చోర్బా చల్లారితే గట్టిపడుతుంది. వేడినీళ్లు కలిపి మళ్లీ కాచండి, వెన్న పోపు అప్పటికప్పుడు వేయండి. తెయ్‌జె గిన్నె అంచుదాకా నింపాను, పైన మూత పెట్టాను. చల్లారకముందే మెట్లెక్కాలి, కెమెరా ఆపుతున్నాను.