మడమ వదిలేసిన బ్లేడు: 1997–98 మహిళల స్పీడ్ స్కేటింగ్ సీజన్

[తెర నల్లగా ఉంటుంది. శబ్దం మాత్రమే: టక్... టక్... టక్...]

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే సౌండ్ కాస్త పెంచండి. ఇవాళ పెద్ద ట్రాక్ మీద జరిగే ఏ స్పీడ్ స్కేటింగ్ రేసు చూసినా ఈ చప్పుడు వినిపిస్తుంది. స్కేటర్ కాలు పైకి లేపగానే బ్లేడు వెనక భాగం తిరిగొచ్చి బూటు మడమకు కొట్టుకుంటుంది, అదే ఈ టక్. 1996కు ముందు ప్రపంచ స్థాయి రేసుల్లో ఈ చప్పుడు లేదు. దీన్ని అక్కడికి తెచ్చింది మహిళా స్కేటర్లు. ఇంకో రెండు శీతాకాలాలు గడిచేసరికి రికార్డుల పట్టిక గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

ఈ వీడియోలో ఆ రెండో శీతాకాలం, అంటే 1997–98 సీజన్ గురించి చెప్పుకుందాం.

[గ్రాఫిక్: 400 మీటర్ల ట్రాక్, పైనుంచి]

ముందు రేసు ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో. ట్రాక్ చుట్టుకొలత 400 మీటర్లు. ఒక్కో రేసులో ఇద్దరే ఉంటారు, ఒకరు లోపలి లేన్‌లో, ఇంకొకరు బయటి లేన్‌లో. లోపలి దారి పొట్టి కాబట్టి ప్రతి ల్యాప్‌లో లేన్లు మార్చుకుంటారు. కానీ అసలు పోటీ పక్కనున్న మనిషితో కాదు, గడియారంతో. జంటలన్నీ అయిపోయాక ఎవరి టైం తక్కువైతే వాళ్ళే విజేత. అందుకే తన రేసు ముందే ముగించేసిన స్కేటర్, మిగతావాళ్ళు పరుగు పూర్తి చేసేదాకా టెన్షన్‌తో కూర్చుని స్కోర్‌బోర్డు చూడాల్సిందే. ఈ విషయం గుర్తుంచుకోండి, జపాన్‌లోని నాగనోలో జరిగిన 1998 ఒలింపిక్స్ దగ్గరికి వచ్చాక పనికొస్తుంది.

అప్పట్లో సీజన్ నవంబర్‌లో వరల్డ్ కప్ రేసులతో మొదలై మార్చిలో ముగిసేది. మధ్యలో యూరోపియన్ ఛాంపియన్‌షిప్, ప్రపంచ స్ప్రింట్, ప్రపంచ ఆల్‌రౌండ్ పోటీలు వచ్చేవి. ఆల్‌రౌండ్‌లో ఒకే మనిషి 500, 1500, 3000, 5000 మీటర్లు నాలుగూ పరిగెత్తాలి. ప్రతి టైంనూ 500 మీటర్ల లెక్కకు కుదించి పాయింట్లుగా కలుపుతారు. ఉదాహరణకు 3000 మీటర్లు 4 నిమిషాల 7.29 సెకన్లలో పూర్తి చేస్తే 247.29ని ఆరుతో భాగించాలి, 41.215 పాయింట్లు. మొత్తం తక్కువ ఎవరికుంటే వాళ్ళదే టైటిల్.

[పాత స్కేటు, కొత్త స్కేటు పక్కపక్కన. క్లోజప్.]

ఇప్పుడు అసలు సంగతి. పాత స్కేటులో బ్లేడు బూటుకు ముందూ వెనకా గట్టిగా బిగించి ఉంటుంది. స్కేటర్ వెనక్కి తన్నడు, పక్కకు తోస్తాడు. ఆ తోపు చివర్లో మోకాలు నిటారు అవుతుంటే మడమ దానంతటదే లేవాలని చూస్తుంది. మనం నడిచేటప్పుడు జరిగేదీ అదే. కానీ బిగించిన బ్లేడుతో మడమ లేపితే బ్లేడు ముందు మొన ఐసులో గుచ్చుకుంటుంది. వేగం పోతుంది, ఒక్కోసారి మనిషే పడిపోతుంది. కాబట్టి స్కేటర్లు ఏళ్ళ తరబడి సాధన చేసి చీలమండను కదలనివ్వకుండా ఆపుకోవడం నేర్చుకునేవాళ్ళు. కాలు పూర్తిగా చాచకముందే ఐసు మీద నుంచి ఎత్తేసేవాళ్ళు. అంటే ఉన్న బలంలో కొంత ప్రతి అడుగులోనూ వాడకుండానే మిగిలిపోయేది.

క్లాప్ స్కేటులో బ్లేడును కాలి వేళ్ళ మొదలు దగ్గర, తలుపు బందులాంటి ఒక హింజ్‌తో బిగిస్తారు. మడమ దగ్గర వదిలేస్తారు. మడమ లేచినా బ్లేడు మొత్తం ఐసుకు ఆనుకునే ఉంటుంది, తోపు చివరిదాకా సాగుతుంది. కాలు గాల్లోకి లేవగానే స్ప్రింగు బ్లేడును వెనక్కి లాగుతుంది. టక్.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1894లోనే జర్మనీలో ఇలాంటిదానికి పేటెంట్ ఉంది. దాన్ని శాస్త్రంగా పట్టుకుని పని చేసింది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె యూనివర్సిటీ బయోమెకానిక్స్ (శరీర కదలికల శాస్త్రం) పరిశోధకుడు గెరిట్ యాన్ వాన్ ఇంగెన్ స్కెనౌ, ఆయన బృందం. 1994–95లో పదకొండు మంది కుర్ర స్కేటర్లకు ఈ బ్లేడ్లు ఇచ్చి చూశారు. ఒక్క సీజన్‌లో వాళ్ళు 6.2 శాతం మెరుగుపడ్డారు. పాత స్కేట్ల మీదే ఉన్నవాళ్ళు 2.5 శాతం. సెకనులో వందో వంతు కోసం కొట్టుకునే ఆటలో ఇది మామూలు తేడా కాదు. ఇంకో విషయం. మొదట్లో పరిశోధకులు లాభమంతా చీలమండ దగ్గరే ఉందనుకున్నారు. తర్వాతి కొలతల్లో మోకాలు చేసే పని కూడా పెరుగుతోందని తేలింది. బ్లేడు పనిచేసింది, ఎందుకు పనిచేసిందో మాత్రం కాస్త ఆలస్యంగా అర్థమైంది!

[1997 జనవరి, హీరెన్‌వీన్. నారింజ రంగు గ్యాలరీలు.]

ఇంత లాభం కనపడుతుంటే అందరూ ఎగబడి వేసుకోవాలి కదా? వేసుకోలేదు. పేరున్న మగ స్కేటర్లలో చాలామంది 1996–97 అంతా పాత బ్లేడ్లతోనే గడిపేశారు. డచ్ మహిళల జట్టు మాత్రం అదే సీజన్‌లో క్లాప్ స్కేట్లకు మారిపోయింది.

ఎందుకు? నా అభిప్రాయం చెబుతాను. గెలుస్తున్నవాడు బూటు మార్చడు. 1994 లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో డచ్ మహిళా స్కేటర్లకు ఒక్క పతకం కూడా రాలేదు. దూరపు రేసులన్నిటి మీదా జర్మన్ల నీడ, అందులోనూ గుండా నీమన్ నీడ. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు ప్రయోగం చేయడం తేలిక.

1997 జనవరిలో నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్‌లో, థియాల్ఫ్ స్టేడియంలో, సొంత జనం మధ్య, డచ్ స్కేటర్ టోనీ డి యోంగ్ క్లాప్ స్కేట్లతో యూరోపియన్ టైటిల్ కొట్టేసింది. ఓడింది సాక్షాత్తూ నీమన్. అంతకుముందు వరుసగా మూడేళ్ళు ఆ టైటిల్ ఆమెదే. ఆ ఏడాది ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్‌ను నీమన్ నిలబెట్టుకుంది కానీ, అప్పటికే అందరి కళ్ళూ డచ్ అమ్మాయిల కాళ్ళ మీద పడ్డాయి. నిషేధించాలన్న గొంతులూ లేచాయి. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ నిషేధించలేదు.

[1997 నవంబర్, కాల్గరీ]

1997 శరదృతువుకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. ఇప్పుడు మారనివాళ్ళే వెనకబడతారు. కానీ మారడమంటే బూట్లు కొనుక్కోవడం కాదు. పదేళ్ళుగా ‘మడమ లేపకు’ అని నేర్పిన కాళ్ళకు ఇప్పుడు ‘లేపు’ అని నేర్పాలి. స్ప్రింటర్లకు మరీ కష్టం. స్టార్టింగ్‌లో వాళ్ళు మునివేళ్ళ మీద పరుగు లాంటి అడుగులు వేస్తారు, అక్కడ వదులుగా ఊగే బ్లేడు కాళ్ళకు అడ్డం పడుతున్నట్టే ఉంటుంది.

అయినా మొదటి బాంబు స్ప్రింట్‌లోనే పేలింది. 500 మీటర్లలో అమెరికన్ బానీ బ్లెయిర్ 1995లో పెట్టిన 38.69 సెకన్ల రికార్డు రెండున్నరేళ్ళకు పైగా చెక్కు చెదరలేదు. 1997 నవంబర్ 22న కెనడాలోని కాల్గరీలో ఆ దేశపు స్కేటర్ కాట్రియోనా లే మే డోన్ 37.90లో ముగించింది. మహిళల్లో 38 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి మనిషి ఆమే. డిసెంబర్ అయ్యేలోపు దాన్ని 37.55కి దించేసింది. కాల్గరీకి ఇంకో సుగుణం కూడా ఉంది లెండి. ఊరు వెయ్యి మీటర్లకు పైన ఎత్తులో ఉంది. గాలి పలచన, అడ్డూ తక్కువ.

[1998 ఫిబ్రవరి. నాగనో, ఎం-వేవ్ స్టేడియం.]

ఇక ఒలింపిక్స్. నాగనోలో 500 మీటర్లను మొదటిసారి రెండు సార్లు పరిగెత్తించారు. కారణం ఉంది. బయటి లేన్‌లో మొదలుపెట్టినవాళ్ళకు చివరి మలుపు లోపలి లేన్‌లో వస్తుంది. పూర్తి వేగం మీద ఉన్నప్పుడు ఆ ఇరుకు మలుపులో కాలు నిలవడం కష్టం. ఒకే రేసైతే డ్రాలో ఏ లేన్ వచ్చిందన్నదే జాతకం తేల్చేస్తుంది. అందుకని ఒకసారి లోపల, ఒకసారి బయట మొదలుపెట్టించి రెండు టైంలూ కలిపారు. లే మే డోన్ 38.39, 38.21 పరిగెత్తి స్వర్ణం పట్టుకుపోయింది. రజతం కూడా కెనడాకే, సూసన్ ఆక్‌కు.

1000, 1500 మీటర్లు రెండూ డచ్ స్కేటర్ మరియాన్ టిమ్మర్ గెలిచింది. 1500లో ప్రపంచ రికార్డు, 1 నిమిషం 57.58. నాలుగేళ్ళ కిందట ఒక్క పతకం లేని జట్టు ఇది! అప్పుడు డచ్ వాళ్ళ సూట్ల మీద జిగ్‌జాగ్ టేపులు కూడా అతికించి ఉండేవి, గాలి నిరోధం తగ్గించడానికి. బ్లేడుతోనే ఆగే రకం కాదు వాళ్ళు.

కానీ నన్నడిగితే ఆ సీజన్ మొత్తానికి చూడాల్సిన రేసు 5000 మీటర్లు. పన్నెండున్నర ల్యాపులు.

అప్పటికి గుండా నీమన్ పేరు నీమన్-స్టిర్నెమన్ అయింది. లిల్లెహామర్‌లో 3000 మీటర్ల రేసులో ఆమె జారిపడింది, 5000లో సొంత జట్టు మనిషి క్లాడియా పెఖ్‌స్టైన్ చేతిలో ఓడింది. నాగనోలో 3000 మీటర్ల లెక్క సరిచేసుకుంది, స్వర్ణం. మిగిలింది 5000.

[స్కోర్‌బోర్డు: 6:59.65]

ఆమె రేసు ముగిసేసరికి గడియారం 6 నిమిషాల 59.65 సెకన్ల దగ్గర ఆగింది. ప్రపంచ రికార్డు. ఈ దూరాన్ని ఏడు నిమిషాల లోపు పూర్తి చేసిన మొదటి మహిళ. ఇక మిగిలింది కూర్చుని చూడటమే.

తర్వాత వచ్చింది పెఖ్‌స్టైన్. ల్యాప్ టైంలు అటూ ఇటూ ఊగుతూ వచ్చి, చివరికి ఆగిన అంకె 6:59.61.

తేడా 0.04 సెకన్లు. వాళ్ళ సగటు వేగంతో లెక్కేస్తే అర మీటరు కూడా రాదు. ఐదు కిలోమీటర్ల రేసులో అర మీటరు! మూడో స్థానంలో వచ్చిన కజక్‌స్తాన్ స్కేటర్ ల్యుద్‌మిలా ప్రొకాషెవా టైం 7:11.14. ఆమెకూ ఈ ఇద్దరికీ మధ్య పదకొండు సెకన్లకు పైగా ఎడం, ట్రాక్‌లో దాదాపు మూడో వంతు. ఇద్దరూ ఒకే జంటలో పక్కపక్కన పరిగెత్తి ఉంటే ఎవరు గెలిచేవాళ్ళో ఇప్పటికీ వాదించుకోవచ్చు.

[1998 మార్చి, మళ్ళీ కాల్గరీ]

ఒలింపిక్స్ అయ్యాక చాలామంది టీవీలు కట్టేశారు కానీ సీజన్ అయిపోలేదు. మార్చి చివర్లో కాల్గరీలో దూరాలవారీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. నీమన్-స్టిర్నెమన్ 5000 మీటర్లను 6:58.63లో పూర్తి చేసి, రికార్డును పెఖ్‌స్టైన్ దగ్గర నుంచి వెనక్కి లాక్కుంది. నాగనోలో పోయిన స్వర్ణం మాత్రం పోయినట్టే. 2002లో సాల్ట్ లేక్ సిటీలో పెఖ్‌స్టైన్ ఇదే దూరాన్ని 6:46.91లో పరిగెత్తి వరుసగా మూడోసారి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ కథ పెద్దది, దానికి వేరే వీడియో చేస్తాను.