విరిగిన ఇత్తడి బందు చెప్పే సంగతి

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ ఇత్తడి ముక్క అరచేతిలో ఇమిడిపోతుంది. రోమన్ సైనికుడి భుజకవచంలోని బందు ఇది. మన తలుపు బందులాంటిదే, కాకపోతే అంచులు పూరేకుల్లా గుండ్రంగా తీర్చి ఉంటాయి. సగం విరిగిపోయింది. అయినా మ్యూజియంలో మెరిసే నిండు కవచం నమూనా కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఈ కవచాన్ని ఇనుప రేకులతో కట్టేవారు. రేకులను లోపలి తోలు పట్టీలకు రివెట్లతో బిగించేవారు. దీన్ని ‘లోరికా సెగ్మెంటాటా’ అంటారు. ఆ పేరు రోమన్లది కాదు, తర్వాతి కాలపు పండితులు పెట్టింది. మట్టిలో తోలు కుళ్లిపోతుంది. పలచని ఇనుము తుప్పై రాలిపోతుంది. ఇత్తడి నిలుస్తుంది. పైగా ఈ బందులు, బకిళ్లు సన్నగా ఉండి తేలిగ్గా విరిగేవి, ఊడిపోయేవి. అందుకే రోమన్ కోటల తవ్వకాల్లో తరచుగా దొరికేవి ఇవే.

ఏ ముక్క ఎక్కడ ఉండేదో తేల్చింది 1964 నాటి కార్‌బ్రిడ్జ్ నిధి. ఉత్తర ఇంగ్లాండులో, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకు దగ్గరలో, ఇనుప బద్దలు వేసిన ఒక చెక్కపెట్టె బయటపడింది. లోపల ఆయుధాలు, పనిముట్లతో పాటు విడదీసి దాచిన కవచాల భాగాలు. అన్నీ తుప్పుతో అతుక్కుపోయాయి. ఆ తుప్పే మనకు మేలు చేసింది: ఏ బందు ఏ రేకుకి, ఏ కొక్కెం ఏ అంచుకి అన్నది చెదరలేదు. వాటిని చూసే కవచాల నిపుణుడు రస్సెల్ రాబిన్సన్ ఈ కవచాన్ని మళ్లీ నిలబెట్టారు.

కార్‌బ్రిడ్జ్ రకం అని పిలిచే ఈ కవచంలో రెండు ముఖ్యమైన తరహాలు తేలాయి. ‘ఎ’ రకంలో భుజాల భాగాన్ని నడుము చుట్టలకు తోలు పట్టీలు, బకిళ్లతో కలిపేవారు. ‘బి’ రకంలో ఆ పని కొక్కేలు చేసేవి. పూరేకుల బందు మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బందు అందంగా ఉంటుంది కాబట్టి కన్ను దాని మీదికే పోతుంది. తేడా పట్టిచ్చేది మాత్రం ఎవరూ పట్టించుకోని ఆ కొక్కెం ముక్క.

దీనికంటే పాతది కాల్‌క్రీజ్ రకం. జర్మనీలో క్రీ.శ. 9 నాటి యుద్ధంతో ముడిపడిన చోటు అది. అక్కడి బందుల అంచులు ఇంకా పూర్తిగా పూరేకుల ఆకారానికి రాలేదు. 2018లో అక్కడ దాదాపు పూర్తి కవచమే దొరికింది.

తర్వాతిది న్యూస్టెడ్ రకం. 1905లో స్కాట్లండ్‌లోని కోట బావిలో దొరికిన ముక్కలను బట్టి ఆ పేరు వచ్చింది. అందులో బందుల స్థానంలో మామూలు రివెట్లు వచ్చాయి. రేకులను కలపడానికి పెద్ద లూపులు, వాటిలో తిప్పి బిగించే పిన్నులు ఉండేవి. మాటిమాటికీ విరిగే భాగాలతో విసిగిన కమ్మరులే ఇలా మార్చి ఉంటారని నా నమ్మకం.

మళ్లీ మన ముక్క దగ్గరికి వద్దాం. అంచు నిండు పూరేకుల ఆకారంలో ఉంది కాబట్టి కార్‌బ్రిడ్జ్ రకం. పక్కన కొక్కెం లేదు, బకిల్ లేదు. కాబట్టి చీటీ మీద ‘కార్‌బ్రిడ్జ్’ అని మాత్రమే రాయాలి. ‘ఎ’ అనీ వద్దు, ‘బి’ అనీ వద్దు.