గూటికి గాలి తగలాలి

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, సర్పంచ్ గారికి నమస్కారం. పెరటి కోళ్ల ఆదాయం గురించి మాట్లాడమన్నారు. అది మీకు నేను చెప్పాలా? పిల్లల నోటు పుస్తకాలకు, పుట్టింటికి పోయే బస్సు ఛార్జీకి ఎవర్నీ అడగకుండా మన కొంగున ఉండేది ఆ గుడ్ల డబ్బులే. నేను ఒక రాత్రి సంగతి చెప్పడానికి వచ్చాను.

2021 నవంబరు. పెన్నకు పెద్ద వరద వచ్చిన రోజులు. ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో ముసురు వదల్లేదు. మా ఎర్రపెట్ట పదకొండు పిల్లల్ని దింపి వారమైంది. వణుకుతున్నాయని గూడు చుట్టూ ప్లాస్టిక్ పట్టా బిగించి, కుంపట్లో బొగ్గులు రాజేసి లోపల పెట్టాను. మా అత్త ‘కాస్త సందు ఉంచవే’ అంది. వినలేదు. తెల్లారి పట్టా తీస్తే పిల్లలన్నీ తల్లి రెక్కల కిందే ఉన్నాయి. తల్లికీ ప్రాణం లేదు, పిల్లలకూ లేదు. చలికి పోయాయన్నారు అందరూ. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు రంగుండదు, వాసనుండదు. మూసిన గూట్లో దానితోనే పోయాయి. వాటిని నేనే చంపానమ్మా.

ఇక్కడ పట్టా కట్టినవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తండి, పర్వాలేదు... చూశారా, సగం మంది ఉన్నాం.

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. ఈకలు పొడిగా ఉంటే మన ధనుర్మాసం చలికి పెద్దకోడి తట్టుకుంటుంది. దాని ప్రాణం తీసేది తడి. మన జిల్లాలో వాన, చలి వెంట వెంటనే వస్తాయి. ఊక తడిసి, రెట్ట కుళ్లి, ఘాటు పుడుతుంది. పొద్దున తలుపు తియ్యగానే మీ కళ్లు మండాయంటే రాత్రంతా అవి పీల్చింది ఆ గాలే. తడి ఊక ఎత్తేసి పొడి ఊక రెండు మూడు అంగుళాలు పరవండి. గోనెపట్టా కింద సగానికే కట్టండి, పైన గాలి ఆడాలి. తల్లి లేని పిల్లలకు బల్బు పెట్టండి. మొదటి వారం వాటి దగ్గర 35 డిగ్రీల వేడి కావాలి. థర్మామీటర్ అక్కర్లేదు, పిల్లల్నే చూడండి. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోతే వేడెక్కువ. కుంపటి మాత్రం వద్దు. మళ్లీ చెబుతున్నాను, కుంపటి వద్దు.

ఇంకొక్క మాట, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. కొక్కెర తెగులు, అదే కోళ్లకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు, వచ్చాక గూడుకు గూడే ఖాళీ అవుతుంది. ముందే టీకా వేస్తే ఆగుతుంది. పిల్లకు వారం లోపు కంట్లో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. పశువుల ఆసుపత్రిలో అడిగితే ‘సీసా విప్పితే వంద కోళ్లకు వస్తుంది, నీకున్నవి పది’ అని నన్ను తిప్పి పంపారు. కలిపిన మందు గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి కాబట్టి వాళ్లన్నదీ నిజమే. అయితే మనం పది ఇళ్లవాళ్లం కలిస్తే వంద కోళ్లు కావా?

ఆదివారం తెల్లవారుజామున, కోళ్లు గూట్లోంచి దిగకముందే వేయిద్దాం. మందు ఐసు డబ్బాలో నేను తెస్తాను. జబ్బుగా ఉన్నదాన్ని పక్కన పెట్టండి, దానికి వెయ్యకూడదు. పుస్తకం తెచ్చాను. ముందు వరస నుంచి చెప్పండి, మీ గూట్లో ఎన్ని?