తులం సోడా అంటే ఎన్ని చెంచాలు? | నల్లగొండ కిచెన్ వ్లాగ్

హలో అందరికీ, ఎట్లున్నరు? డాలస్ నుంచి వచ్చినం, నల్లగొండల అమ్మవాళ్ళింట్ల ఉన్న, ఇప్పుడే ప్రకాశం బజార్ పోయి సామాన్లు తెచ్చుకున్నం. ఇవాళ్టి పంచాయితి అంతా తినే సోడాది. వదిన బనానా బ్రెడ్ చేస్తా అని కూసున్నది, రెసిపీల బేకింగ్ సోడా 1 టీస్పూన్ అని ఉన్నది, ఆమెనేమో "గ్రాముల్ల చెప్పరాదు, కాటా ఉన్నది గద" అంటది.

సరే, రాసుకోండ్రి. టీస్పూన్ అంటే 5 ఎంఎల్, చెంచా నింపి పైన కత్తితోని సాపు చేస్తే సోడా 5 గ్రాములకు జర తక్కువ, 4.6 అట్ల వస్తది. టేబుల్ స్పూన్ అంటే మూడు టీస్పూన్లు, 14 గ్రాములు. ఆస్ట్రేలియాల ఉన్నోళ్ళు జర చూస్కోండ్రి, మీ దగ్గర టేబుల్ స్పూన్ 20 ఎంఎల్, అంటే నాలుగు టీస్పూన్లు, అమెరికా రెసిపీ చూసి మీ స్పూన్‌తోని పోస్తే సోడా ఎక్కువైపోతది. అమ్మ వెనుక నుంచి "అంటే రెండు చెంచాలు తులం అన్నట్టు" అన్నది, కరెక్టే, ఇప్పుడు షాపుల తులం అంటే 10 గ్రాములే గద, ఇగ నాకు ఈ లెక్కే మస్తు నచ్చింది.

కానీ వదినా, పావు చెంచా సోడాను మాత్రం ఈ కాటా మీద తూకం వెయ్యకు. ఇగో చూడుండ్రి, గిన్నె పెట్టి సున్నా చేసిన, కొంచెం కొంచెం సల్లుతున్న... ఇంకా సున్నానే చూపిస్తున్నది! కిచెన్ కాటాలు ఎక్కువ శాతం 1 గ్రాము లెక్కన చూపిస్తయ్, మెల్లగ వేస్తే ఆ చిన్న తేడాను అవి పట్టించుకోవు, పావు చెంచా అంటేనే గ్రామున్నర కూడా ఉండదు. దానికి చెంచానే నయం. అయితే ఏ చెంచా? మనింట్ల చాయ్ చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, పిల్లల సిరప్ మూత మీద 5 ఎంఎల్ గీత ఉంటది గద, చెంచాతోని నీళ్ళు అండ్ల పోసి చూస్కోండ్రి. ఈ పాత స్టీల్ చెంచా గీత దాక కూడా రాలే, వదిన కొత్త సెట్టుదేమో గీత దాటిపోయింది.

ఎక్కువ చేస్తే మాత్రం కాటానే. మహబూబ్‌నగర్ల మా బావ మిర్చి బండి పెడతడు, కిలో శనగపిండికి చెంచా సోడా అని ఆయన లెక్క, ఐదు కిలోలు కలిపేటప్పుడు ఐదు చెంచాలల్ల ఒక్కటి కుప్పగ వచ్చినా తేడా పడతది, కుప్ప చెంచాల 7 గ్రాములు కూడా పడతయ్ మరి. అందుకే 23 గ్రాములు తూకం వేసి జల్లెడ పట్టి కలుపు బావా అని చెప్పిన, సోడా ఎక్కువైతే మిర్చీలు నూనె గుంజుతయ్, సబ్బు వాసన కొడతది. ఆయన "ఇన్నేండ్ల సంది నా చెయ్యే కాటా" అన్నడు, ఫోన్ పెట్టేసిండు.

వదిన చెంచాతోనే వేసింది, పిండిల పెరుగు కూడా పడ్డది, పొంగుడు షురువైంది చూడుండ్రి, ఇగ జల్ది ఓవెన్ల పెట్టాలె.